దారం తెగినప్పుడు

సోమవారం మధ్యాహ్నం బట్టలు కుట్టే మిషనావిడ తెర మీదకి వచ్చే గంటంటే, ఇంట్లోంచే ఆన్‌లైనులో సలహాలిచ్చే కౌన్సిలరుకి కాస్త ఊపిరి పీల్చుకునే గంట. మిగతావాళ్ళ కోసమైతే తెర వెనక ఎంత హడావుడని! పొద్దున్నే వచ్చే రిటైరైన లెక్కల మాస్టారికి వెనక గోడ ఖాళీగా ఉండాలి. గోడ మీద ఏ బొమ్మ కనిపించినా ఆయన కళ్ళు అక్కడికే పోతాయి, చెప్పే మాట ఎక్కడో జారిపోతుంది. అందుకని ఆయన వచ్చే ముందు పటం దించి మంచం కిందకి తోసేది. వ్యాను డ్రైవరుకి ఆడమనిషి మొహం మరీ దగ్గరగా కనిపిస్తే సిగ్గు. ఆయన కోసం కుర్చీ వెనక్కి జరిపి, దీపం తగ్గించేది. కాలేజీ అమ్మాయికి మొహమూ వద్దు, గొంతూ వద్దు, అంతా టైపింగే. ఆ పిల్ల అవతల రాస్తూ చెరిపేస్తూ ఉంటే ఈవిడ ఇవతల చేతులు కట్టుకుని కూర్చునేది. తొందరపడి ఒక అక్షరం కొట్టిందా, ఆ పిల్ల మాయం.

ఇదంతా చూసి భర్త నవ్వేవాడు. "నువ్వు కౌన్సిలరువి కాదే, నాటకాల కంపెనీవి. గంటకో సీను మారుస్తావు."

"ఒకరి చొక్కా ఇంకొకరికి పడుతుందా ఏంటి?" అనేది ఈవిడ. ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకి తన పని మీద తనకే ముచ్చటేసేది. వెయ్యకేం మరి, ఊరికే వచ్చిన నేర్పు కాదు.

మిషనావిడకి మాత్రం ఏ ఏర్పాటూ అక్కర్లేదు. ఆవిడ ఫోను ఎప్పుడూ దారం రీళ్ళ డబ్బాకి ఆనించి ఉండేది. తెర మీద కుట్టుమిషను, సూది, దాని కిందకి పోతున్న బట్ట, ఆ బట్టని తోస్తున్న రెండు చేతులు. మెడ దగ్గరికి వచ్చేసరికి బొమ్మ అయిపోయేది. మొహం కనిపించేది కాదు. చేతులు పనిలో ఉంటే తప్ప ఆ మనిషికి మాట పెగలదని కౌన్సిలరు మొదటి రోజే కనిపెట్టింది. కనిపెట్టాననుకుంది. బడిపిల్లల చొక్కాల కాలర్లు ఒక్కొక్కటే సూది కింద నడుస్తుంటే, ఆ టకటకల మధ్య మాటలు కూడా పొడిపొడిగా, వరసగా వచ్చేవి. నిద్ర పట్టదనీ, తెల్లవారుజామున గుండె దడదడలాడుతుందనీ, అన్నయ్య ఇంట్లో అందరూ బాగానే చూస్తారనీ.

అప్పుడప్పుడు మిషను ఆగేది. "ఒక్క నిమిషం మేడమ్, దారం తెగింది."

"నిదానంగా కానివ్వండి" అనేది కౌన్సిలరు. అని ఆ నిమిషంలో తెర పక్కన తెరిచి ఉన్న సందేశాల మీద ఓ చూపు వేసేది. తర్వాత గంటకి ఎవరు, ఎవరు రామన్నారు, ఆఫీసులో పెద్ద మేడమ్ ఏమంటోంది. టకటక మళ్ళీ మొదలయ్యాక కళ్ళు ఇటు తిప్పేది. "ఏం దారమండీ బాబూ ఇంత నాసిరకం!" అని ఒకసారి నవ్వింది కూడా.

ఆ సోమవారం తెర వెలగగానే ఉలిక్కిపడింది. చేతులుండాల్సిన చోట మొహం ఉంది.

"మేడమ్, వినిపిస్తోందా?" గొంతు అదే. మొహమే కొత్తది. చెంపలు లోపలికి పోయిన, కళ్ళు మాత్రం గడుసుగా ఉన్న మొహం. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని ఉంది. ముక్కు మీద అటూ ఇటూ దాని గుర్తులు.

"వినిపిస్తోందండీ. ఇవాళ మీరు... కనిపిస్తున్నారు!"

"ఇదిగో దీని పుణ్యం" అని కుడిచెయ్యి ఎత్తి చూపించింది మిషనావిడ. చూపుడువేలికి తెల్లటి కట్టు, వంకాయంత లావున. "సూది దిగిపోయింది మేడమ్. గోరు మీద దిగి ఇటు తేలింది. ఆస్పత్రిలో కుట్లేశారు. ఇన్నేళ్ళూ నేను కుట్టాను, ఇప్పుడు నన్నే కుట్టేశారు." పకపకా నవ్వింది. ఆ నవ్వు కౌన్సిలరు అంతకుముందు వినలేదు. "మానేదాకా మిషను ముట్టుకోవద్దన్నారు."

నవ్వు ఆగాక ఆవిడ తెర మీదకి వంగి, బజార్లో బట్ట నాణ్యం చూసినట్టు, కౌన్సిలరు మొహంలోకి తేరిపార చూసింది.

"మీరింత చిన్నవాళ్ళనుకోలేదు. గొంతు విని మా పెద్దమ్మ వయసుంటుందనుకున్నా."

"అదేంటండీ, ఇన్ని నెలల నుంచి చూస్తూనే ఉన్నారుగా?"

"ఎక్కడ చూశాను మేడమ్! కుట్టేటప్పుడు బట్ట మీంచి కన్ను తీస్తే ఇదిగో, ఇదే గతి. దారం తెగినప్పుడు తలెత్తి చూసేదాన్ని. అప్పుడేమో మీరు పక్కకి చూస్తుండేవాళ్ళు. మీకూ ఏదో పనుంటుంది కదా."

తప్పు పట్టే గొంతు కాదది. వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది. కౌన్సిలరు చెయ్యి దానంతటదే మౌసు మీదకి పోయి, పక్కన తెరిచి ఉన్న సందేశాలు మూసేసింది.

"చేతిలో పని లేకుండా మాట్లాడాలంటే ఇబ్బందిగా ఉందా మీకు?" అని అడిగింది, మాట మార్చడానికే.

"ఇబ్బందా? హాయిగా ఉంటేనూ!"

"కాదు, కుట్టుకుంటూ మాట్లాడ్డమే మీకు ఇష్టం కదా అని..."

మిషనావిడ కళ్ళజోడు నెత్తి మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇష్టమని ఎవరన్నారు మేడమ్? మొదటి రోజు ఫోను పెట్టిచ్చింది మా వదిన. పని చేసుకుంటూ మాట్లాడొచ్చా డాక్టరమ్మా అని తనే అడిగింది. మీరు, తప్పకుండా, కొంతమందికి అదే మంచిది అన్నారు. సరే, ఇదీ వైద్యంలో భాగమే కాబోలనుకున్నా. ఇప్పుడు నేనెప్పుడైనా నడుం నొప్పని కాసేపు కూర్చుంటే వదిన ఇంకో కట్ట కాలర్లు తెచ్చి పక్కన పెడుతుంది. చేతులు ఆడుతుంటే నీ మనసు కుదుటపడుతుందని డాక్టరమ్మే చెప్పిందిగా అంటుంది. నా మంచికే మేడమ్. తనూ పొద్దస్తమానం కత్తెర పట్టుకుని నిలబడే ఉంటుంది పాపం."

ఆ మొదటి రోజు కౌన్సిలరుకి బాగానే గుర్తుంది. వేరే ఆడగొంతు అడగడం, తను ఉదారంగా ఒప్పుకోవడం, ఆ తర్వాత ఆ చేతుల వంక మురిపెంగా చూడటం. అడిగింది ఎవరో, ఎవరి కోసం అడిగారో ఒక్క క్షణం ఆలోచిస్తే ఏం పోయేది?

ఆ గంటంతా మిషనావిడ వేరే మనిషిలా ఉంది. ఒక మాట చెప్పి ఆగేది. కట్టున్న వేలిని ఎడమచేత్తో నిమురుతూ కిటికీ వైపు చూసేది. మళ్ళీ ఇటు తిరిగి, కౌన్సిలరు చూస్తూనే ఉందని గమనించి, ఇంకొంచెం చెప్పేది. టకటక లేని ఆ నిశ్శబ్దంలో ఆవిడ మాటలకి ముందూ వెనకా ఏర్పడ్డాయి. ఇన్ని నెలల్లో విన్నదంతా ఒక ఎత్తు, ఇవాళ విన్నది ఒక ఎత్తు అనిపించింది కౌన్సిలరుకి. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

చివరి నిమిషాల్లో మిషనావిడ గొంతు తగ్గించింది. "మా పాప గురించి ఒకటి చెప్పాలి మేడమ్. వాళ్ళ నాన్న దగ్గరుందని చెప్పాను కదా. అది వెళ్ళిన రోజు ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు, మా అన్నయ్యకి కూడా. కుడుతూ చెప్పే మాట కాదది."

ఇలాంటి మాటలు ఎప్పుడూ గంట చివర్లోనే వస్తాయి. వచ్చినా సరే, వేళ దాటనివ్వకూడదన్నది పెద్ద మేడమ్ నేర్పిన సూత్రం. అవతల డ్రైవరు వ్యాను ఆపుకుని కాచుకుని ఉంటాడు. "అది తొందర తొందరగా చెప్పే మాట కాదండీ. వచ్చే సోమవారం దాంతోనే మొదలుపెడదాం" అంది కౌన్సిలరు.

"వచ్చే సోమవారానికి వేలు మానిపోతుంది కదా" అంది మిషనావిడ. నవ్వుతూనే అంది. "మీరు వదినకో మాట చెబుతారా? ఈ ఒక్క గంటా నా చేతులు ఖాళీగా ఉండాలని. వైద్యం అంటే వింటుంది. మీ మాటంటే గురి తనకి."

చెప్పి ఉంటే సరిపోయేది. ఒక్క ఫోను, రెండు మాటలు. కానీ కౌన్సిలరు నోట్లోంచి ఎంతోమందికి చెప్పిన పాఠం వచ్చేసింది. "నేను చెబితే అది నా మాటవుతుందండీ. మీకేం కావాలో మీ నోటితో మీరే అడిగి చూడండి. అది కూడా మనం నేర్చుకోవాల్సిందే."

"నేనా?" అంది మిషనావిడ. కట్టు అంచున లేచిన దారప్పోగుని చాలాసేపు లోపలికి దోపుతూ ఉండిపోయింది. "సరే మేడమ్. మీరన్నారుగా, అడుగుతాను."

వెంటనే డ్రైవరు వచ్చాడు. గోదాము వెనక వ్యాను ఆపుకుని, అద్దాలన్నీ బిగించుకుని, స్టీరింగు మీద ఫోను పెట్టుకుని. నుదుటి మీంచి చెమట ధారలు కడుతోంది. ఎప్పటిలాగా రోడ్డు సంగతులు, ట్రాఫిక్కు సంగతులు అయ్యాక కౌన్సిలరు ఉండబట్టలేక అడిగేసింది. "వ్యానులో కూర్చుని మాట్లాడ్డం మీకు ఇష్టమేనా అండీ?"

డ్రైవరు తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ఇష్టమేంటి మేడమ్! రెండు గదుల్లో ఆరుగురం. ఇంకెక్కడ మాట్లాడమంటారు, బాత్రూంలో కూర్చునా? స్టీరింగు ముందు కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుందని మొదట్లో మీరే అన్నారు. అవునేమోలే, చదువుకున్నవాళ్ళు కదా అనుకున్నా. అద్దం దించితే హమాలీలంతా వింటారు, ఎక్కించుకుంటే ఉడికిపోతున్నా."

"మరి ఆ చెమట..."

"ఎండకి మేడమ్! మీరేమో కంగారు వల్ల అనుకుని ఊపిరి పీల్చడం, వదలడం నేర్పారు. కాదనలేక పీల్చా. ఇంత వేడి గాలి." ఈసారి అతనే పగలబడి నవ్వాడు. కౌన్సిలరు కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు పెదాల దాకానే వచ్చింది. సాయంత్రం నీడ పడ్డాక వచ్చే గంట ఒకటి వెతికి అతనికి మార్చింది. అంత చిన్న పని! ఒక్కసారి అడిగుంటే ఎప్పుడో అయ్యేది.

మర్నాడు కాలేజీ అమ్మాయి రాగానే టైపు చేసింది: నువ్విలా రాసేది ఇష్టమయ్యేనా, ఇంట్లో మాట్లాడే వీలు లేకా? అవతల రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. ఆఖరికి వచ్చింది జవాబు: నాకిదే ఇష్టం, దయచేసి మాట్లాడించకండి. పక్కన నవ్వుతున్న బొమ్మ. ఆ బొమ్మని చూసి కౌన్సిలరు చిన్నపిల్లలా సంబరపడింది. పోనీలే, ఒక్కరి విషయంలోనైనా సరిగ్గా ఉన్నాను.

ఆ వారమంతా వదిన నంబరు ఫోనులో తెరిచి పెట్టుకోవడం, మళ్ళీ మూసేయడం. అడుగుతానందిగా ఆవిడ. మధ్యలో మనం దూరితే ఆవిడ చేతకానిదని మనమే తేల్చినట్టవుతుంది కదా. ఇలా తనకి తనే సర్దిచెప్పుకుంది. చదువుకున్నవాళ్ళకి సర్దిచెప్పుకోవడానికి మాటలకేం కరువు!

శనివారం కొత్తగా చేరిన కౌన్సిలర్లకి క్లాసు. ఆన్‌లైనులో ఒక్కొక్కరికీ తగ్గట్టు సలహా పద్ధతిని ఎలా మలచాలో చెప్పాలి. ఇది ఎప్పుడో ఒప్పుకున్న పని. పొడుగాటి గది, మధ్యలో బల్ల, చుట్టూ కుర్చీలు. పెద్ద మేడమ్ భుజం మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. "మన దగ్గర కొలతలు తీయడంలో దీన్ని మించినవాళ్ళు లేరు. చెప్పవే, ఆ కుట్టుపని ఆవిడ సంగతి చెప్పు."

పెద్ద మేడమ్ దగ్గర ఈవిడకి ఇప్పటికీ శిష్యరికమే. ఇవాళ అది చెప్పనండీ అంటే సరిపోయేది. లేకపోతే, అది నేను చేసిన పొరపాటండీ, అందుకే చెబుతున్నాను అన్నా సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ గోడ మీద ప్రొజెక్టరులో అప్పటికే ఆ పేజీ వెలుగుతోంది. పేరూ ఊరూ లేకుండా, మిషను బొమ్మ ఒకటి, కింద తను ఎప్పుడో రాసుకున్న వాక్యం: కొందరికి చేతులు పనిలో ఉంటేనే మనసు తెరుచుకుంటుంది. నోరు అలవాటుగా ఆ కథే చెప్పుకుంటూ పోయింది. అందరూ తలలు ఊపుతూ రాసుకున్నారు. చివర్లో చప్పట్లు.

ముందు వరసలో కూర్చున్న కొత్త కౌన్సిలరు లేచింది. "నా దగ్గరొకావిడ వస్తారు మేడమ్. ఎప్పుడూ చంటిబిడ్డని ఒళ్ళో వేసుకునే మాట్లాడతారు. బిడ్డని కాసేపు ఎవరికైనా ఇచ్చి రమ్మందామనుకుంటున్నా. ఇప్పుడర్థమైంది, అది ఆవిడ పద్ధతన్నమాట. మార్చకూడదు."

"ఒకసారి ఆవిడని... చూసి చెయ్యండి" అంది కౌన్సిలరు. ఆ పిల్ల అదీ రాసుకుంది. పెద్ద మేడమ్ అప్పటికే టీ తెమ్మని కేకేస్తోంది. కుర్చీల చప్పుడులో మిగతా మాట మిగతాగానే ఉండిపోయింది.

ఇంటికొచ్చి చెప్పుల స్టాండు మీదే కూలబడితే భర్త అడిగాడు, "ఏమైందే, సరిగ్గా జరగలేదా?"

"జరిగింది. చప్పట్లు కొట్టారు."

"మరి నిన్ను కొట్టినట్టు మొహం పెట్టావేం?"

చెప్పులు విప్పి లోపలికి పోయింది. ఏం చెబుతుంది? తను చేసిన తప్పుని పదిమందికీ నేర్పి వచ్చానని చెబుతుందా?

సోమవారం మధ్యాహ్నం ఆమె మామూలు కంటే ముందే కూర్చుంది. సందేశాలన్నీ మూసేసింది. ఫోను వేరే గదిలో పెట్టేసింది. తర్వాతి గంట ఖాళీగా ఉంచుకుంది, పాప మాట ఎంత పొడుగైనా ఫరవాలేదని. సూత్రం సంగతి తర్వాత చూసుకోవచ్చు. తన చేతులు కూడా ఒళ్ళో పెట్టుకుంది.

తెర నల్లగానే ఉంది. వస్తుందిలే, కట్టు మార్పించుకోవడానికి పోయుంటుంది. వస్తుందిలే, కరెంటు లేదేమో. కూర్చుని కూర్చుని ఇక ఆగలేక లేచి వెళ్ళి ఫోను తెచ్చుకుని వదిన నంబరు నొక్కింది. వెనక ఎవరో మిషను తొక్కుతున్న చప్పుడు.

"మీరా డాక్టరమ్మా! నేనే చేద్దామనుకున్నానండీ, తీరిక లేక." వదిన గొంతులో దురుసేమీ లేదు. అలసట ఉంది. "ఇక ఆపేద్దామండీ. మీరు చాలా సాయం చేశారు, కాదనను."

"ఏం జరిగిందండీ?"

"ఏముంది! మొన్న అన్నాల దగ్గర అందరి ముందూ లేచి, సోమవారం ఒక గంట నేను పని ముట్టుకోను, నాకా గంట కావాలి అంది. కాగితం చూసి చదివినట్టు అంది. దాని అన్నయ్య చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మేమేదో దాన్ని కట్టేసి చేయిస్తున్నట్టు కాదూ? బడులు తెరవబోతున్నారు, చొక్కాలు గుట్టలు గుట్టలుగా పడున్నాయి. దాని వేలికి దెబ్బ తగిలితే దాని వంతు కూడా నేనే కుట్టాను. ఒక్క మాటన్నానేమో అడగండి! ఆ మాటలు మీరే నేర్పారటగా?"

"నేనే అడగమన్నాను" అంది కౌన్సిలరు. "తప్పు నాదండీ. ఆ గంట ఆవిడ చేతులు ఖాళీగా ఉండాలి. మాట్లాడ్డానికి అది అవసరం. వైద్యం అనుకోండి."

మిషనావిడ అడిగినప్పుడు ఈ మాట రాలేదు. ఇప్పుడు వచ్చింది.

"మరి మొదట్లో పని చేస్తూ మాట్లాడమన్నది మీరే కదండీ?" అంది వదిన. నిజంగానే అర్థంకాక అడుగుతోంది. "అదే మంచిదన్నారు. ఇన్ని నెలలు అక్కర్లేనిది ఇప్పుడెందుకు కావాల్సొచ్చింది? అది అడిగిందని మాట మార్చేస్తే ఎట్లాగండీ? ఇక మీ మాట మీద మాకేం గురి ఉంటుంది?"

"అప్పుడు నేను సరిగ్గా చూళ్ళేదండీ" అని గొణిగింది కౌన్సిలరు.

"పోనీ మునుపట్లాగే అయితే మాట్లాడుకోమనండి" అంది వదిన, జాలిపడి. "కుట్లు విప్పేశారు. రేపట్నుంచి మిషనెక్కుతుంది. కుట్టుకుంటూ మాట్లాడితే ఎవరికీ అభ్యంతరం లేదు. అన్నట్టు డాక్టరమ్మా, మీతో మాట్లాడే గంటలోనే దానికి దారం తెగుతూ ఉంటుంది. మిగతా రోజంతా తెగదు. అదేం చోద్యమో! ఆ రీలే నాసిదేమో, మార్చాలి."

మునుపట్లాగే. ఆ మాటకి ఒప్పుకోకపోతే అసలా గంటే ఉండదు. "సరేనండీ" అంది కౌన్సిలరు.

రెండు రోజుల తర్వాత, వదిన వీలన్న గంటలో, తెర మీద మళ్ళీ మిషను, సూది, చేతులు. చూపుడువేలు మీద కట్టు లేదు, కొత్త చర్మం ఎర్రగా మెరుస్తోంది. ఆ వేలిని బట్టకి తగలకుండా పైకెత్తి పట్టుకుని, మిగతా వేళ్ళతో కాలరు తోస్తోంది. టకటక. వెనక ఎక్కడో కత్తెర బట్టని కోస్తున్న చప్పుడు. వదిన అదే గదిలో ఉంది.

"ఎలా ఉన్నారండీ?"

"బాగానే ఉన్నా మేడమ్."

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది మేడమ్."

ఒక కాలరు అయింది. కత్తిరించి పక్కన వేసి ఇంకోటి సూది కింద పెట్టింది. "నన్ను క్షమించండి" అంది కౌన్సిలరు. "మీరు అడిగిన రోజే నేను చెప్పాల్సింది."

చేతులు ఆగలేదు. "అయ్యో, దానికేముంది మేడమ్. మీరన్నారని నేను అడిగాను. అంతేగా."

"పాప గురించి చెప్తానన్నారు..."

"పాప బాగుంది మేడమ్." మిషను ఇంకొంచెం వేగం అందుకుంది. కాలరు మూల దగ్గర సూది దింపి ఆపి, బట్ట తిప్పి, మళ్ళీ నడిపింది. ఎంత పొందికైన చేతులు! ఈ చేతుల్ని చూసే కదా తను మురిసిపోయింది.

అప్పుడు చూసింది కౌన్సిలరు. కాలరు సగంలో ఉండగా ఎడమచెయ్యి బట్టని వదిలి, సూది పక్కగా పైకి జరిగింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి సూదికి పైనున్న దారాన్ని పట్టుకున్నాయి. ఒక చుట్టు చుట్టి, చటుక్కున లాగాయి.

మిషను ఆగింది.

"ఏమైందే?" వెనక నుంచి వదిన.

"దారం తెగింది వదినా" అంది మిషనావిడ. అని మెడ వంచి, తల తెరలోకి తెచ్చి, తలెత్తి చూసింది.

పాత అలవాటు కొద్దీ కౌన్సిలరు చెయ్యి మౌసు మీదకి పోబోయి ఆగింది. కళ్ళు కదల్లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మిషనావిడ దారం కొస నోట్లో పెట్టుకుని తడిచేసింది. సూదిలోకి ఎక్కించబోయి ఎక్కించలేదు. మళ్ళీ తడిచేసింది. ఆ కళ్ళు తెర మీంచి కదలడం లేదు. నెలల తరబడి ఎన్నిసార్లు తెగింది ఈ దారం! ఎన్నిసార్లు ఈ మొహం ఇలా లేచి, పక్కకి తిరిగి ఉన్న తన చెంపని చూసి, మళ్ళీ బట్ట మీదకి వంగిపోయింది! నాసిరకం దారమని తను నవ్వింది కూడా. కౌన్సిలరు కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు, ఆ కాస్తసేపూ అడ్డమొస్తుందని.

మిషనావిడ పెదాలు కదిలాయి. "మేడమ్, పాప వెళ్ళిన రోజు..." చాలా మెల్లగా, దారం తడిచేస్తున్నట్టుగానే.

కత్తెర చప్పుడు ఆగింది. అడుగులు దగ్గరకొచ్చాయి. "ఆ పాడు దారంతో ఎంతసేపని తంటాలు పడతావే? నిన్ననే చెప్పి తెప్పించా నీకోసం, ఇదిగో." గాజుల చెయ్యి ఒకటి తెరలోకి వచ్చి, పాత రీలు పీకేసి, లావాటి కొత్త రీలు మిషను మీద గుచ్చింది. "నైలాన్ది. ఇనుప తీగలాగుంటుంది. ఇక చూసుకో, హాయిగా మాట్లాడుకో." ఆ చెయ్యి మిషనావిడ భుజం మీద ఆప్యాయంగా తట్టి వెళ్ళిపోయింది.

మిషనావిడ ఆ రీలు వంక చూసింది. దాని కొస లాగి, సూదిలోకి ఒక్క ప్రయత్నంలో ఎక్కించింది. తల మెల్లగా పైకి లేచి తెర దాటిపోయింది. మళ్ళీ రెండు చేతులు, బట్ట, సూది.

"చెప్పండి, నేను చూస్తూనే ఉన్నాను" అంది కౌన్సిలరు.

"ఏం లేదు మేడమ్" అంది మిషనావిడ. "దారం మంచిది తెచ్చింది మా వదిన."

టకటక మొదలైంది. కౌన్సిలరు గంట అయ్యేదాకా కన్ను తిప్పకుండా ఆ చేతులనే చూస్తూ కూర్చుంది. ఒకసారి ఎడమచెయ్యి బట్ట వదిలి పైకి జరిగింది, దారాన్ని పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది. వేలి మీద ఎర్రటి గీత పడింది. దారం తెగలేదు.